గగనరాజ్యపు గానము

నాగరకతయందు పరాకాష్ఠ నందిన సమాజమును కంటికి చూపుట చిత్రకారునకు అంత కష్టము కాదు; ఆకసము నంటు సౌధములను, చక్రములు లేక సాగు వాహనములను, రాత్రిని పగలుగా మార్చు దీపమాలికలను గీచినచో చూపరి నమ్మును. అట్టి సమాజము చెవి కెట్లు వినబడవలెననునదే క్లిష్టమైన ప్రశ్న. ఆటగానిచే ఒక పాత్రను ధరింపజేసి, కల్పితలోకమున పదులకొలది గంటలు సంచరింపజేయు రోల్‌ప్లేయింగ్ వీడియో గేమ్‌ల నిర్మాతలలో పెక్కురు దీనికి తేలికదారి వెదకికొనినారు: యంత్రయుగమైనచో లోహపు మోత, సామ్రాజ్యమైనచో బాకాల ఆర్భాటము. ఈ రెండును సమాజము బలమును చాటునే గాని, ఆ బలము దేనిని బలిగొని వచ్చినదో చెప్పజాలవు. ఆ సంగతి చెప్పగలిగిన రచన, నే నెరిగినంతలో, జపానునందు స్క్వేర్ సంస్థ 1995లో వెలువరించిన 'క్రోనో ట్రిగ్గర్'. అందును ముఖ్యముగా జీల్ అను రాజ్యపు ఘట్టము.

ఆ రాజ్యము క్రీస్తుపూర్వము 12000 నాటిదిగా కల్పింపబడినది. కాలద్వారమును దాటి వెలువడిన ఆటగానికి మొదట కనబడునది హిమయుగపు తెల్లని శూన్యము; వినబడునది మంచుగాలి హోరు. ఆ మంచులో కొంత నడచి, ఒక కాంతిస్తంభమున అడుగిడగానే అతడు మేఘముల మీదికి చేరును. అచట పచ్చని ద్వీపములు గగనమున తేలియాడుచుండగా ఒక రాగము మొదలగును: చిరుగంటల పలుకులవంటి స్వరములు తెరపి లేక చుట్లు చుట్టుచుండ, వానిపైని సితారు నాదమును పోలిన ధ్వని మెల్లగా నడచిపోవును. కాలపు నడవలు అను అర్థము గల పేరు పెట్టిన ఆ కృతిలో విజయఘోష లేదు, భయమును లేదు. కన్నులయెదుట వెలుగుచున్న వైభవమునే ఎన్నడో పోగొట్టుకొనిన దానివలె తలచుకొనుచున్న స్వరమది.

దానిని కూర్చిన యసునోరి మిత్సుదాకు అప్పటికి 23 ఏండ్లు. ఆటలకు శబ్దములు సమకూర్చు ఉద్యోగమున నుండి, స్వరరచన చేయనీయనిచో వైదొలగెదనని పైయధికారికి తెలిపి ఆ యవకాశమును సంపాదించినాడు. శ్రమాధిక్యముచే కడుపులో పుండ్లుపడి మంచమెక్కగా, మిగిలిన కొంతభాగమును మరొక స్వరకర్త నొబువో ఉయెమత్సు పూరించినాడు. ఆ గేమ్‌ను ఆడించు సూపర్ ఫామికామ్ యంత్రము ఏకకాలమున 8 స్వరములను మాత్రమే పలికింపగలదు. వాద్యముల నాదములన్నియు 64 కిలోబైట్ల స్మృతిలో ఇమడవలెను. ఇంతటి ఇరుకున ఆర్భాటమునకు చోటు లేకపోవుటయు ఒకవిధముగా మేలే చేసినదని నా తలంపు.

ఇక ఆ రాజ్యపు లోగుట్టు. మంత్రశక్తి గలవారు పైని ద్వీపములలో నుందురు. అది లేనివారు క్రింద మంచునేలపై గుహలలో తలదాచుకొందురు. ఎన్హాసా నగరమున జనులు స్వప్నములలో మునిగి ప్రొద్దుపుచ్చుదురు. కజార్ నగరమున మంత్రవిద్యపై పరిశోధనలు సాగుచుండును. పూర్వము సూర్యశిలనుండి శక్తిని గ్రహించిన ఈ రాజ్యము, రాణి పేరాశచే, భూగర్భమున నిద్రించు లావోస్ అను మహాభూతమునుండి శక్తిని పిండుకొన పూనినది. ఇంత పెద్ద కథ నడుమ ఒక చిన్న ముచ్చట గలదు. ఒక స్త్రీవద్ద లేతమొక్క యున్నది. దానిని కాల్చివేయుమని రాణి యాజ్ఞ. ఏమి చేయుదునని ఆమె ఆటగానినే యడుగును. కాల్చుమనవచ్చును, గుట్టుగా పెంచుమనవచ్చును. ద్వీపములను ఆకాశమున నిలిపిన ప్రభుత్వము ఒక మొక్క బ్రతుకుటను సహింపజాలదని తెలిసినప్పుడు, ఆ రాజ్యమును గూర్చి సౌధముల యెత్తు చెప్పినదానికంటె ఎక్కువ తెలిసినట్లు నాకు తోచినది.

క్రిందివారిని వేరుచేసి ఈసడించు రాజ్యమునకు అంత మధురమైన రాగము నిచ్చుట వంచన కాదా యని ఆక్షేపింపవచ్చును. సుందరకాండను విన్న మనకు ఈ సందేహము నిలువరాదు. హనుమంతుడు రాత్రివేళ లంకలో ప్రవేశించినప్పుడు వాల్మీకి ఆ నగరమును వికారముగా చూపలేదు. మేడలను, మణిదీపములను, ఇండ్లనుండి వినవచ్చు మధురగీతములను వర్ణించి, హనుమంతునంతవానిని ఆశ్చర్యపడజేసినాడు. సీత శోకము తరువాత కనబడును. ముందుగా అందమును మనసార చూచినవానికే ఆ శోకము అంత గట్టిగా తగులును. జీల్ సంగీతము చేయునదియు అదియే: మనలను తొలుత ఆ రాజ్యపు పౌరులుగా చేసికొని, అటుపిమ్మట క్రిందివారి గుహలకు దింపును.

అదే గేమ్‌లో క్రీస్తుశకము 2300 నాటి లోకమును గలదు. లావోస్ దెబ్బకు సర్వము శిథిలమైనను గుమ్మటములలో యంత్రములు ఇంకను పనిచేయుచుండును. ఎనర్ట్రాన్ అను యంత్రములో కొన్ని క్షణములు శయనించినచో శరీరబలమంతయు మరల వచ్చును. ఆకలి మాత్రము తీరలేదని తెరపై ఒక వాక్యము తెలుపును. ఉన్నతసమాజపు అవశేషమును గూర్చి ఇంత పొదుపుగా చెప్పిన మాట మరొక గేమ్‌లో నాకు కనబడలేదు.

1997లో వచ్చిన 'ఫైనల్ ఫ్యాంటసీ 7'లోని మిడ్గార్ మహానగరమునను పైయంతస్తు, క్రిందియంతస్తు గలవు. పైవారికి ఉక్కుపలక నేలయైనది, క్రిందివారికి అదే ఆకాశమైనది. రైలు వచ్చి ఆగగానే ఉయెమత్సు సంగీతము సమరోత్సాహముతో ముందునకు దుముకును. ఆటగాడు నగరమున నాలుగడుగులు వేయకమున్నే అది దోషియని తీర్పు వినబడును. ఆ బలమును నేను కాదనను. అయినను అచట నగరమును ప్రేమించుటకు మనకు వ్యవధి లేదు. జీల్ విషయమున మిత్సుదా ఆ వ్యవధి నిచ్చినాడు. కావుననే తుదకు జీల్ ద్వీపములు సముద్రమున కూలినప్పుడు, గుహలలోనివారిని తలచి తృప్తిపడవలసిన నేను, స్వప్నములలో మునిగిన ఎన్హాసాకై దిగులుపడితిని. ఆ దిగులు న్యాయమైనదో కాదో నేటికిని తేల్చుకొనలేకున్నాను.