వ్యక్తి హోదా ఎవరి మేలుకు?

చట్టం దృష్టిలో వ్యక్తి కావడానికి రక్తమాంసాలు అక్కర్లేదు. సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలోనైనా, మరెక్కడైనా లా చదివేవాళ్లు తొలినాళ్లలోనే నేర్చుకునే సంగతి ఇది. కంపెనీ వ్యక్తే. గుడిలో ప్రతిష్ఠించిన దేవుడూ వ్యక్తే. మాన్యానికి యజమాని ఆయనే, కోర్టులో వాదీ ఆయనే. 1925లో ప్రివీ కౌన్సిల్ దీన్ని గట్టిగా చెప్పింది. 2000లో సుప్రీంకోర్టు గురు గ్రంథ సాహిబ్‌కూ ఆ హోదా ఇచ్చింది. మరి కృత్రిమ మేధకు ఎందుకు ఇవ్వకూడదని ఇప్పుడు అడుగుతున్నారు. రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదాను పరిశీలించమని 2017లోనే ఐరోపా పార్లమెంటు కోరింది.

అడగడం సబబే, కానీ దేవుడితో పోలిక కుదరదు. దేవుణ్ణి వ్యక్తిగా ఒప్పుకున్న చట్టమే ఆయన్ని మైనరుగా లెక్కగట్టి, పక్కన ధర్మకర్తనో కార్యనిర్వహణాధికారినో నిలబెట్టింది. మాన్యం అన్యాక్రాంతమైతే నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. గంగా యమునలు వ్యక్తులేనని 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ప్రకటించినప్పుడు చిక్కు ఇక్కడే వచ్చింది. వరదల్లో నష్టపోయినవాళ్లు ఎవరి మీద దావా వేయాలంటూ రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులైలో స్టే వచ్చింది.

యంత్రం తప్పుకు ఎవరిని అడగాలన్న ప్రశ్న తెలంగాణ పేదల గడప ఎప్పుడో తొక్కింది. 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ వాహనాలు, ఇళ్లు, భూములు, కరెంటు కనెక్షన్ల రికార్డులను పేర్లు, చిరునామాల ఆధారంగా ఒకచోట కలుపుతుంది. ఒకే పేరు ఊరికి పదిమందికి ఉండే చోట ఆ కలపడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన రికార్డుల్లో కారు యజమాని అయ్యాడు. ఆ ఇంటికి రేషన్ బియ్యం ఆగింది. డీలరును అడిగితే కంప్యూటర్‌లో పేరు లేదంటాడు, ఆఫీసులో అడిగితే సిస్టమే తీసేసిందంటారు. ముందస్తు నోటీసు లేకుండా కార్డులు తీసేశారన్న ఫిర్యాదుపై, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. పస్తులున్న ఆ ఏళ్లకు జవాబుదారు ఎవరు?

యంత్రమే వ్యక్తి అయితే ఆ జవాబు ఇంకా దూరమవుతుంది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. తన మాటలకు చాట్‌బాటే బాధ్యత వహించాలన్నట్టుగా ఆ సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, పరిహారం కట్టమంది. కట్టడానికి ఆస్తి, అనుభవించడానికి శిక్ష లేని యంత్రానికి వ్యక్తి హోదా ఇస్తే, దాని చాటున తప్పించుకునేది దాన్ని తయారుచేసినవాళ్లూ వాడినవాళ్లూ.

ముందు కావలసిన చట్టం వేరు. సాఫ్ట్‌వేర్ లెక్కను బట్టి కార్డునో పింఛనునో ఆపదలిస్తే ఆ ఇంటికి తెలుగులో నోటీసు అందాలి. ఏ రికార్డు ఆధారమో అందులో ఉండాలి, కింద ఒక అధికారి పేరు, సంతకం ఉండాలి. విచారణ తేలేదాకా బియ్యం ఆగకూడదు.