పిట్టకి ప్లేబ్యాక్

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పగానే పైనున్నది గుంటూరు నించి. ఇంటర్ చదువుతున్నాట్ట తమ్ముడు. ఆమధ్య ఈ పేజీలో వేసిన నీలం పిట్ట ఫోటో కత్తిరించి, తన అభిమాన హీరో పక్కన గోడకి అంటించుకున్నాట్ట. "సార్, పిట్ట కంట్లో మీ ఆకారం కూడా కనిపిస్తోంది. అంత దగ్గరికి ఎలా రానిచ్చింది? ఆ టెక్నిక్కేదో చెప్పండి, ఈ వేసవిలో నేనూ మొదలుపెడతాను" అని రాశాడు.

చెప్తాను. విన్నాక ఆ బొమ్మ గోడ మీద ఉంచుతావో, పీకేస్తావో నీ ఇష్టం తమ్ముడూ.

ప్లేబ్యాక్ అంటే ఏమిటో సినిమా పత్రిక చదివే మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరు స్టూడియోలో పాడతారు, ఇంకొకరు ఊటీలో చెట్ల మధ్య పెదాలు కదుపుతారు. నేను స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా చేరిన రోజుల్లో అవుట్‌డోర్‌లో నాగ్రా మీద పాట వేసేవారు. డైరెక్టర్ గారు అరవగానే కొండంతా మోగిపోయేది. పిట్టల ఫోటోలు తీసేవాళ్ళ దగ్గరా సరిగ్గా ఇదే మాట ఉంది. అక్కడ ప్లేబ్యాక్ అంటే, ముందే రికార్డు చేసిన పిట్ట పాటని అదే జాతి పిట్టకి వినిపించడం. ఇప్పుడు నాగ్రాలూ గీగ్రాలూ అక్కర్లేదు, జేబులో ఫోనుంటే చాలు.

1985లో వంశీ గారి 'అన్వేషణ' వచ్చినప్పుడు అందులో భానుప్రియ పిట్టల మీద పరిశోధనకి అడవికొస్తుంది చూశారూ, నాకు ఈ పిచ్చి అక్కడ మొదలైంది. అందరూ హంతకుడెవరా అని చూస్తుంటే నేను కొమ్మల కేసి చూశాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిచ్చే నన్ను చోప్తాకి లాక్కెళ్ళింది.

చోప్తా ఉత్తరాఖండ్‌లో, గఢ్వాల్ కొండల్లో ఉంది. రిషికేశ్ నించి దేవప్రయాగ, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా పగలంతా ప్రయాణం. ఎత్తు 2,700 మీటర్లకి అటూ ఇటూ. అక్కణ్ణించి కాలినడకన పైకి వెళితే 3,680 మీటర్ల దగ్గర తుంగనాథ్ గుడి. దారిలో చెట్లు పొట్టివై, చివరికి పూర్తిగా ఆగిపోతాయి. ఆపైన గడ్డి మైదానాలే. వాటిని అక్కడ బుగ్యాల్ అంటారు. ఏప్రిల్లో కింద బురాంశ్ చెట్లు ఎర్రగా విరగబూసి ఉంటాయి, పైన మాత్రం మంచు ఇంకా మడతలు మడతలుగా పడుంటుంది. ఒకే పూటలో రెండు ఋతువులు! మన నిర్మాతలకైతే ఒక లొకేషన్ ఖర్చు మిగులుతుంది.

నేను మొదటిసారి వెళ్ళింది ఏప్రిల్ మూడో వారంలో. రోడ్డు పక్కన ఎండు కొమ్మ చివర కూచుని పాడుతోంది వెర్డిటర్ ఫ్లైక్యాచర్. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. ఒళ్ళంతా మైలుతుత్తం రంగు, కంటికీ ముక్కుకీ మధ్య నల్ల మచ్చ. చలికాలం దక్షిణాది అడవులదాకా దిగివచ్చే పిట్టే, మన తూర్పు కనుమల్లోనూ కనిపిస్తుంది. కాకపోతే మన దగ్గర అది చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా ఉంటుంది. సంసారం, పాట, పోట్లాట, అన్నీ అక్కడే, ఆ రెండు మూడు నెలల్లోనే.

దూరం నించి తీస్తే బొటనవేలంత వచ్చింది. తృప్తి లేదు. ఫోన్ తీసి దాని పాటే వేశాను.

ఏం చెప్పమంటారు! బాణంలా వచ్చింది. నాకు ఆరడుగుల దూరంలో రాతి మీద వాలి, ఈకలు ఉబ్బించి, గొంతు చించుకుని పాడింది. నేను ఆపితే వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వేస్తే మళ్ళీ వచ్చింది. గంటన్నర పాటు రెండొందల ఫ్రేములు కొట్టాను. టేకు మీద టేకు అడిగినా విసుక్కోని ఆర్టిస్టు నా సర్వీసులో అదొక్కటే అనుకుని పొంగిపోయాను.

పక్కన టీ కొట్టు పెద్దాయన గ్లాసు అందిస్తూ హిందీలో అన్నాడు, "సాబ్, పొద్దుట్నించీ దానికి తిండి మానిపించారు" అని. తిట్టినట్టు కాదు, ఏదో వాన పడేలా ఉంది అన్నట్టుగా అన్నాడు. తరవాత వేలు పెట్టి వంతెన వైపు చూపించాడు. చిన్న వాగు మీద చెక్క వంతెన. దాని దగ్గరలో కొమ్మ మీద ఇంకో పిట్ట, కాస్త వెలిసిన రంగు, ముక్కున నాచు కరుచుకుని కూచుంది. ఆడపిట్ట. వంతెన కింద గూడు కడుతోంది. మేం ఇటు తైతక్కలాడుతుంటే కిందికి దిగడానికి భయపడి, నాచు వదలకుండా అట్లాగే కూచుంది. ఎంతసేపట్నించో నేను చూళ్ళేదు. నా కళ్ళు వ్యూఫైండర్లో ఉన్నాయి.

వసంతంలో పిట్ట పాడేది కచేరీ కాదండీ. "ఈ కొమ్మ నించి ఆ వాగు దాకా నాది, ఇటు రాకండి" అని మగవాళ్ళకీ, "ఇక్కడ నేనున్నాను" అని ఆడపిట్టకీ చెప్పడం. ఒక పిట్ట ఇంకో పిట్ట హద్దులోకొస్తే కాసేపు అరుచుకుంటాయి, ఎవరో ఒకరు తగ్గుతారు, అంతటితో సరి. నేను పంపిన ప్రత్యర్థి కనిపించడు, తగ్గడు, అలసిపోడు. తెర వెనక విలన్ అన్నమాట. కనపడని విలన్‌తో ఎవరు మాత్రం ఎంతసేపు పోరాడగలరు? పోరాడినంతసేపూ పురుగులు పట్టడం లేదు, కావలి కాయడం లేదు. అందుకే గూళ్ళ కాలంలో ప్లేబ్యాక్ వద్దని పక్షుల్ని చూసేవాళ్ళు నియమం పెట్టుకున్నారు. ఆ నియమం నేను చదివే ఉన్నాను. ఇదీ అసలు సంగతి. తెలియక చేసిన పనైతే ఇంత రాయను.

మూడో రోజు దిగి వస్తూ వంతెన కింద చూశాను. అరచేతిలో సగమంత నాచు, సగం కట్టి వదిలేసిన గూడు. పిట్టలు లేవు. నా వల్లే అని ప్రమాణం చేసి చెప్పలేను. అక్కడ పిల్లులున్నాయి, లారీలు పోతుంటాయి. నా వల్ల కాదని కూడా చెప్పలేను.

ఆ రెండొందల్లో ఒకటే నువ్వు కత్తిరించుకున్నది. అప్పుడు ఈ పేజీలో "అదృష్టం కొద్దీ దగ్గరికొచ్చింది" అని రాశాను. అది అబద్ధం.

మొన్న ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి మొనాల్ కోసం. ఉత్తరాఖండ్ రాష్ట్రపక్షి, నేపాల్‌కి జాతీయ పక్షి. నెమలి కుటుంబమే, కోడిపుంజు కన్నా బరువైన ఒళ్ళు. తల మీద పచ్చటి తురాయి, రాగి రంగు మెడ, ఊదా వీపు. ఇందులో చిన్న కిటుకుంది. ఆ రంగుల మెరుపు పూసిన రంగు కాదు, ఈకల కట్టడం మీద వెలుతురు పడి విరగడం వల్ల వచ్చేది. నీడలో నిలబడితే బొగ్గు ముద్ద. ఎండ వాలు కుదిరిందా, జిగేల్‌మంటుంది. లైటింగ్ సరిగ్గా లేకపోతే షాట్‌కి రానంటుందన్నమాట! పైగా చుట్టూ మంచు. మీటర్ని నమ్మితే తెల్లటి మంచు బూడిద రంగులో వస్తుంది, ఒక స్టాప్ పెంచాలి. చలికి బ్యాటరీలు గంటలో చచ్చిపోతాయి, స్పేరుది చొక్కా లోపల గుండెకానించి పెట్టుకోవాలి.

ఫోన్ గదిలో వదిలేశాను. తుంగనాథ్ దారిలో ఒక బండ చాటున మూడు తెల్లవారుజాములు కూచున్నాను. మొదటి రోజు పొగమంచు, నా చెయ్యి నాకే కనపళ్ళేదు. రెండో రోజు ఆడమొనాల్ వచ్చింది. గోధుమ రంగు, తెల్లటి గొంతు, కంటి చుట్టూ నీలం. మంచు కరిగిన చోట ముక్కుతో మట్టి తవ్వి దుంపలు ఏరుకు తింది. నేలమీదే గుడ్లు పెట్టి తనొక్కతే పొదిగే తల్లి ఇది. తీరిగ్గా తిననిచ్చాను. ఆకాశంలో గడ్డపు రాబందు ఒకటి చక్కర్లు కొట్టింది. ఎముకని పైకెత్తుకుపోయి, బండల మీద జారవిడిచి, పగలగొట్టి తినే ఘనుడది. దాన్నీ తీయలేకపోయాను, లెన్సు కింద మొనాల్ మీదుంది.

మూడో రోజు మగది వచ్చింది. పావుగంట నీడలోనే తవ్వింది, బొగ్గు ముద్దలాగా. వెలుగు గీత మెల్లిగా దాని వైపు జరుగుతోంది. నాలుగడుగులుంది, రెండడుగులుంది. అప్పుడు కింద నించి యాత్రికులెవరో జై భోలేనాథ్ అన్నారు. ఈల వేసినట్టు ఒక్క అరుపు అరిచి లోయలోకి దూకేసింది. ఎండలో పడ్డ ఆ ఒక్క క్షణం నా వేలు పనిచేసింది.

ఆ ఫోటోనే ఈ వారం వేశాను. తెల్లటి నడుము, ఇటుకరంగు తోక, విప్పిన రెక్కల మీద మెరుపు. మొహం లేదు. "హీరో వీపు స్టిల్ ఎవరు వేస్తారండీ" అన్నారు ఎడిటర్ గారు. బతిమాలి వేయించాను.

గుంటూరు తమ్ముడూ, మీ ఊరి పక్కనే ఉప్పలపాడు చెరువుంది. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్ళు పెట్టే చోటు. నీకు హిమాలయం దాకా దేనికి, ముందు అక్కడ గట్టు మీద ఒక పొద్దుట కూచో. మామూలు కెమెరా చాలు. ఏం కనిపించాయో రాయి, ఫోటో రాకపోయినా సరే ఉత్తరం వేస్తాను.