లోపం కనపడుతూనే ఉంది గదా!

లోకంలో ఒకరి తప్పు పట్టడమంత సులువైన పని మరొకటి లేదు. పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి నాలుక ఉంటే చాలు. పొయ్యి దగ్గర నిలబడి పులుసు కాచేవారి సంగతి వేరు. ముష్టియుద్ధాల విషయంలోనూ మన ధోరణి ఇదే.

మా మేనల్లుడు ఈమధ్య మహమ్మదాలీ పాత పోటీలు ఫోనులో చూసి నన్ను నిలదీశాడు. "మామయ్యా, ఈయన చేతులు నడుం దగ్గర వేలాడేసుకుంటాడు. గుద్దు వస్తే తల పక్కకు తప్పించడు, వెనక్కి వాలుస్తాడు. ఎదటివాడి పొట్టమీద దాదాపు కొట్టనే కొట్టడు. ఇన్ని లోపాలు నాకే కనపడుతూంటే వాళ్ళకెందుకు కనపడలేదు?"

కనపడకేం? అందరికీ కనపడ్డాయి. పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలన్నిటికీ తెలుసు. కట్టేదెవరన్నదే ప్రశ్న.

మన ఇళ్ళలో చెప్పుకునే జరాసంధుడి కథ మీకు తెలిసిందే. రెండు ముక్కలుగా పుడితే జర అనే రాక్షసి అతికించి బతికించింది. ఆ అతుకు రహస్యం కృష్ణుడికి తెలుసు. గడ్డిపరకను చీల్చి, ముక్కలు తారుమారుగా పడేసి సైగ చేశాడు. అంతవరకే ఆయన వంతు. చీల్చవలసినవాడు మాత్రం భీముడే. ఆ పరక మనబోటివాళ్ళకు చూపిస్తే ఏం లాభం, చెప్పండి?

జో లూయీ సంగతి చూడండి. 1936 నాటికి అతనికి ఇరవైరెండేళ్ళు. వృత్తిలోకి వచ్చాక ఓటమి ఎరుగడు. అతనితో తలపడవలసిన జర్మనీవాడు మాక్స్ ష్మెలింగ్‌కు ముప్పై ఏళ్ళు. ఒకప్పటి చాంపియనే గాని, రోజులు దాటిపోయాయని అందరి నమ్మకం. ఆ పెద్దమనిషి లూయీ పోటీల ఫిల్ములు ముందేసుకుని ఓపిగ్గా చూశాడు. లూయీ ఎడమచేత్తో పొడిచి, ఆ చేతిని వెనక్కి తెచ్చుకునేటప్పుడు కిందికి దించేస్తున్నాడు. క్షణకాలం దవడకు కాపలా లేదు. ష్మెలింగ్‌కు ఉన్న గొప్ప ఆయుధమల్లా కుడిచెయ్యి. ఆ ఏడు జూన్ 19న న్యూయార్కులో నాలుగో రౌండులో లూయీ నేల కరిచాడు. పన్నెండో రౌండులో ఇక లేవలేదు.

అయితే లోపం పట్టుకుంటే గెలుపు ఖాయమన్నమాటే గదా అంటారేమో. తొందరపడకండి. ఇక్కడ రెండు సంగతులున్నాయి. ఆ లోపం ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు కాదు, అలవాటు. అలవాటైతేనే ఎదటివాడు దానికోసం కాచుకోగలడు. రెండోది, ఆ సందులో దూరడానికి తగిన చెయ్యి ష్మెలింగ్‌కు ముందే ఉంది. తాళం ఎక్కడుందో తెలిసినవాళ్ళు మరికొందరు ఉండవచ్చు. తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉంది.

ఆ గెలుపును హిట్లరు ప్రభుత్వం తమ జాతి గొప్పతనానికి రుజువుగా చాటుకుంది. నిజానికి ష్మెలింగ్ నాజీ పార్టీలో సభ్యుడు కాడు. అయినా 1938 జూన్ 22న మళ్ళీ తలపడేనాటికి అది ఇద్దరు మనుషుల పోటీగా మిగలలేదు. తాతలనాడు బానిసలైన జాతి బిడ్డ ఒకవైపు, జాతి దురహంకారం మరొకవైపు అని లోకమంతా చూసింది. లూయీ అప్పటికి ప్రపంచ చాంపియన్. ఈసారి దూరాన నిలబడి ఎడమచేత్తో పొడుస్తూ కాలం గడపలేదు. గంట మోగుతూనే మీదపడ్డాడు. కాచుకుని కొట్టడం ష్మెలింగ్ విద్య. కాచుకునే వ్యవధే అతనికి దక్కలేదు. రెండు నిమిషాల నాలుగు సెకన్లలో అంతా అయిపోయింది. లోపం బయటపెట్టినవాడు ఒక్కసారి గెలుస్తాడు. కాని ఓడినవాడు బుద్ధిమంతుడైతే, దాన్ని దిద్దుకునే పాఠం కూడా వాడి చేతిలోనే పెట్టి పోతాడు.

ఇదే లూయీకి కాళ్ళు చురుకు కావని మరో మాట ఉండేది. 1941 జూన్ 18న బిల్లీ కాన్ అనే తేలికపాటి మనిషి ఆ లోటును చక్కగా వాడుకున్నాడు. పన్నెండు రౌండ్లు చుట్టూ తిరిగి, ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరి లెక్క ప్రకారం ముందున్నాడు. మిగిలిన మూడు రౌండ్లూ అలాగే తిరిగితే చాంపియనే. కాని పడగొట్టి గెలవాలని ఆశ పుట్టింది. పదమూడో రౌండులో ఎదురు నిలబడి కొట్లాడాడు. ఆ రౌండుకింకా రెండు సెకన్లుందనగా కూలిపోయాడు. ఎదటివాడి బలహీనత మీద నిలబడ్డవాడు, గర్వం వచ్చి, ఎదటివాడి బలం మీదికి నడిచిపోయాడు!

ఇక ఆలీ. మా వాడు లోపాలన్నవి ఒకవిధంగా అతని బలానికి మరో ముఖం. చేతులు కింద ఉన్నాయి గనుకనే ఆ ఎడమచేతి పొడుపు ఎక్కడినుంచి వస్తుందో తెలిసేది కాదు. తల వెనక్కి వాల్చినా ఆ కళ్ళూ కాళ్ళూ ఉన్నంతకాలం గుద్దు అంగుళం దూరంలో ఆగిపోయేది. 1963లో లండనులో హెన్రీ కూపర్ ఆ అంగుళాన్ని దాటాడు. ఎడమచేతి గుద్దుతో పడగొట్టాడు. ఇంతలో రౌండు ముగిసింది. మరుసటి రౌండులో కూపర్ కంటిమీద గాయం పగిలి పోటీ ఆగింది. దారి తెలిసింది, పుణ్యకాలం దాటిపోయింది!

ఎడ్డీ ఫచ్ అనే గురువు ఇంకా లోతుగా చూశాడు. ఆలీ కుడిచేత్తో కిందినుంచి పైకి కొట్టబోయే ముందు ఆ చెయ్యి దిగుతుంది. అప్పుడు ఎడమచేతి వంపుగుద్దు వెయ్యాలి. ఆ గుద్దులో జో ఫ్రేజియర్‌ను మించినవాడు లేడు. 1971 మార్చి 8న పదిహేనో రౌండులో ఆలీని పడేసి నిర్ణయం గెలుచుకున్నాడు. కాని ఆ సందు దగ్గరికి చేరడానికి ఎన్ని గుద్దులు తిన్నాడో! గెలిచినవాడే తరవాత ఆస్పత్రిలో పడ్డాడు. అదీ ఖరీదు.

అదే ఫ్రేజియర్ 1975లో మనీలాలో ఆలీతో మూడోసారి తలపడ్డాడు. పద్నాలుగు రౌండ్లయ్యేసరికి కళ్ళు మూసుకుపోతున్నాయి. శిష్యుడు వద్దంటున్నా ఫచ్ పోటీ ఆపించేశాడు. ఎదటివాడి లోపం కనిపెట్టిన కన్ను తనవాడి ప్రాణాన్ని కూడా కనిపెట్టి ఉండడమంటే ఇదే.

మా మేనల్లుడికి నేను చివరగా చెప్పినది ఈ మాట. ఆలీకి అసలు లోపం చేతులు దించడం కాదు, ఎన్ని దెబ్బలైనా తట్టుకోగలనన్న ధైర్యం. 1974లో కిన్షాసాలో తాళ్ళకు ఆనుకుని ఫోర్మన్ గుద్దులన్నీ భరించి, ఎనిమిదో రౌండులో గెలిచినప్పుడు లోకం దాన్నే గొప్పగా మెచ్చుకుంది. 1977లో అతని వైద్యుడు ఇక చాలని చెప్పి, వినకపోతే తప్పుకున్నాడు. 1980లో లారీ హోమ్స్‌తో పది రౌండ్లు దెబ్బలు తిన్నాక గాని అతని పక్షంవారు ఆపలేదు. 1984లో పార్కిన్సన్ జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. ఆ దెబ్బలకూ దానికీ సంబంధముందని చాలామంది నమ్మకం. 2016లో పోయేదాకా చేతుల వణుకు వదలలేదు.

రింగులో ఎదురు నిలిచినవాళ్ళు వాడుకోలేకపోయిన లోపాన్ని కాలం తాపీగా వాడుకుంది. అంచేత మన పిల్లల్లో ఎవరైనా ఎంత కష్టమైనా ఓర్చుకుంటున్నారని మురిసిపోయే ముందు, ఆ ఓర్పు ఎక్కడ ఆగాలో చెప్పేవారు పక్కన ఉన్నారా అని ఒకసారి చూసుకోవడం మంచిది.