పాఠం చెప్పడానికి పరదేశం

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ మా బరంపురం కబుర్లే చెప్పుకున్నాం. ఈసారి నా ప్రయాణం సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ఓ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతున్న నేను, మాల్దీవుల్లో అదే పాఠం చెప్పడానికి రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్తున్నాను. విమానం ఎక్కడం ఇదే మొదలు. అమ్మాయి ఇంజనీరింగు ఫీజులు, ఇంటి అప్పు... కారణాలు దాచవలసినవేమీ కావు.

"వాళ్ళకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళే లేరా?" అని చాలామంది అడిగారు. ఆ దేశంలో సుమారు 1,200 దీవులుంటే, జనం ఉండే ఊళ్ళు రెండు వందల లోపే. అవన్నీ సముద్రం మీద విడివిడిగా ఉన్నాయి. ఎక్కడికక్కడ బడి కావాలి, టీచర్లు కావాలి. చదువు ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమంలోనే. అందుకే దశాబ్దాలుగా మన దేశం నుంచి టీచర్లు వెళ్తున్నారు.

ముందుగా నన్ను కలిసిన ఓ ఏజెంటు ఎనభై వేలు అడిగాడు. విదేశాలకు ఉద్యోగుల్ని పంపేవారు మన విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఉద్యోగి నుంచి 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మించి తీసుకోకూడదన్నది నిబంధన. ఆ మాట ఎత్తాక ఆయన నా ఫోను తీయడం మానేశాడు. నమోదైన మరొకరి ద్వారా ఈ ఉద్యోగం వచ్చింది. మనవాళ్ళెవరైనా వెళ్ళదలిస్తే సంతకానికి ముందే అడగండి: జీతం ఏ డబ్బులో ఇస్తారు, ఇంటికి నెలకు ఎంత పంపనిస్తారు, గది అద్దె ఎవరిది, తిరుగు టిక్కెట్టు ఎవరిది? చూడ్డానికి వెళ్ళే భారతీయులకు అక్కడ దిగగానే వీసా ఇస్తారు. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పని అనుమతి ముందే చేతికి రావాలి.

పెట్టె సర్దేటప్పుడు అమ్మ చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం తెచ్చి చీరల మధ్య పెట్టింది. పూజా విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకుపోకూడదు. అది ఇస్లాం రాజ్యం, వాళ్ళ చట్టం వాళ్ళది. ఎలా చెప్పాలా అని రెండు రోజులు తటపటాయించి చెప్పాను. అమ్మ విగ్రహం తీసి మందిరంలో పెట్టేసి, "దేవుడు పెట్టెలోనే ఉంటాడేటే? కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకో" అంది. ఖాళీ అయిన చోట కందిపొడి డబ్బా చేరింది.

రాత్రిళ్ళు నా ఉచ్చారణ సరిచూసుకుంటున్నాను. మనకున్నది ఒకటే 'వ'. ఇంగ్లీషులో దానికి రెండు ధ్వనులు. నేను 'వెస్టు' అంటే బనియనో, పడమరో పిల్లలకు తెలియాలి కదా! దాంతోపాటు వాళ్ళ దివెహి భాష అక్షరాలు దిద్దుతున్నాను. లిపి పేరు తానా. కుడి నుంచి ఎడమకు రాస్తారు. మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి, తర్వాతి తొమ్మిది అక్కడి పాత అంకెల నుంచి పుట్టాయి. మన 'ళ' వాళ్ళకూ ఉండడం చూసి చుట్టం కనబడ్డట్టనిపించింది.

ఇంగ్లీషు చెప్పేదానికి దివెహి ఎందుకని మా తమ్ముడు నవ్వాడు. 1936లో ఒరిస్సా ఏర్పడి గంజాం అందులో కలిసినప్పటి నుంచి మా ఊరి తెలుగు పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. మీ ఊళ్ళలోనూ ఇంతే కదా! నా ఒకటో తరగతి మొదటి రోజున ఒక్క ముక్కా అర్థంకాక ఏడుస్తుంటే, మా ఒడియా టీచరమ్మ దగ్గరకు వచ్చి "నీ పేరేమిటి?" అని తెలుగులో అడిగారు. ఆవిడకు వచ్చిన తెలుగు అంతే. నా ఏడుపు ఆగడానికి అది చాలింది. ఆ ప్రశ్న దివెహిలో ఎలా అడగాలో ముందుగా నేర్చుకున్నాను.

అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. తమ్ముడి దగ్గర ఉంటుంది. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, గడియారం మనకన్నా అరగంట వెనక. శుక్రవారం దీపం పెట్టాక ఎనిమిదింటికి ఫోను చేస్తానంది. నాకు అప్పటికి ఏడున్నర. "అరగంట దూరమేగా" అంటూ వేళ్ళ మీద లెక్క కట్టుకుంటోంది. రెండేళ్ళకు ఎన్ని శుక్రవారాలో నేనూ లెక్కపెట్టాను. ఆమెకు చెప్పలేదు.

వచ్చే సంచికకు ఉత్తరం దీవి నుంచి రాస్తాను.