కట్టడాల వార్తలు రాసేదెవరు?

ఇల్లు మొదలుపెట్టిన రైతు పేపరు తెరిస్తే వెదికేది సిమెంటు బస్తా ఎంత, ఇనుము టన్ను ఎంత, వెయ్యి ఇటుక ఎంత అని. ఇసుక ట్రాక్టరు, మేస్త్రీ కూలి సంగతి సరేసరి. ఇవి చాలాసార్లు కనిపించవు. నిర్మాణ రంగం పేరుతో వచ్చే పేజీలో నగరంలో లేవబోయే అపార్టుమెంటు బొమ్మ ఉంటుంది. పక్కనే దాని ప్రకటన. ఏది వార్తో, ఏది ప్రకటనో తేల్చుకోవడం చదువుకున్నవారికే కష్టం. ఈ పేజీలు ఎవరు రాస్తున్నారు, వారికి ఈ పనిలో ఏం తెలుసు అని పాఠకుడు అడగడంలో తప్పేముంది?

ఈ పని సరిగా చేసినవారు లేకపోలేదు. లండనులో ‘ది బిల్డర్’ అనే వారపత్రిక 1843లో మొదలైంది. పెట్టినవాడు జోసెఫ్ హాన్సమ్. లండను వీధుల్లో తిరిగిన హాన్సమ్ గుర్రపు బండికి ఆ పేరు ఆయనవల్లే వచ్చింది. మరుసటి ఏడాది సంపాదకుడైన జార్జి గాడ్విన్ కూడా కట్టడాల పని తెలిసినవాడు. యువకుడిగా ఉండగానే కాంక్రీటుపై వ్యాసం రాసి పతకం పొందాడు. 1883 దాకా ఆ బాధ్యతలో ఉన్నాడు. గొప్పవారి భవనాలను పొగిడి ఊరుకోలేదు. పేదల ఇరుకు గదుల్లోకి స్వయంగా వెళ్లి గాలి, నీరు, మురుగు ఎలా ఉన్నాయో చూసి రాశాడు. ఆ సంగతులతో 1854లో ‘లండన్ షాడోస్’ అనే పుస్తకం తెచ్చాడు.

అమెరికాలో రెండు పత్రికలు 1917లో కలిసి ‘ఇంజనీరింగ్ న్యూస్ రికార్డ్’ అయింది. 20 నగరాల నుంచి సిమెంటు, ఉక్కు, కలప ధరలు, కూలి రేట్లు తెప్పించి నిర్మాణ ఖర్చు సూచీ వేస్తుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వేరుశనగ, పత్తి ధర మార్కెట్ యార్డు నుంచి పంపే మన విలేకరికి సిమెంటు దుకాణం దూరమా?

ధరల సంగతి అలా ఉంచితే, ప్రాణాల సంగతి ఇంకా బాధాకరం. ఆనకట్టలకు మట్టి మోసి పేరు తెచ్చుకున్న పాలమూరు మనది. పనికోసం వలస వెళ్లని ఊరు అరుదు. అటువంటి కూలీ పరంజా మీంచి పడి చనిపోతే నాలుగు లైన్ల వార్త. ‘ప్రమాదవశాత్తు కాలు జారి’ అని. కాలు జారిందని చెప్పిందెవరు? గుత్తేదారు చెప్పాడు, పోలీసులు రాసుకున్నారు, మన విలేకరి అక్కడినుంచి ఎత్తి రాశాడు. పరంజా గట్టిగా కట్టారా, నడుముకు బెల్టు ఇచ్చారా అని చూడలేదు. పక్కనే పనిచేస్తున్న కూలీలను అడగలేదు. సంక్షేమ బోర్డులో అతని పేరు ఉందా అనీ వాకబు చేయలేదు. కట్టడాల ఖర్చులో నూటికి రూపాయికి తగ్గకుండా సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలని 1996లోనే చట్టం చేశారు. పేరు నమోదు కాలేదని భర్త పోయిన తర్వాత తెలిస్తే ఆ ఇల్లాలు ఎవరిని అడగాలి?

నిర్మాణ పేజీ నడిపేవారు ముందు తమ పేర్లు వేయాలి. ఎవరు ఏ సంగతి చూస్తారో, పాఠకులు ఉత్తరం ఎవరికి రాయాలో చెప్పాలి. ప్రకటన అయితే పైన ప్రకటన అని రాయాలి. ఆ జట్టులో ఒక్కరైనా ఎండలో నిలబడి స్లాబు పోయడం చూసినవారు ఉండాలి. వారానికొకసారి జిల్లాలోని నాలుగు పట్టణాల సిమెంటు, ఇనుము ధరలతో చిన్న పట్టిక వేసినా చాలు, ముగ్గు పోసుకుని కూర్చున్న రైతు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్తాడు.