బజ్జీల నూనె

శ్రీరాంపూర్‌లో మా బొగ్గుబాయి మీద గేట్ మీటింగ్ అంటే మైకు, ఎర్రజెండా, పక్కన బజ్జీల బండి. 1994లో ప్రపంచ వాణిజ్యపు డంకెల్ ఒప్పందం మీద నాయకులు గొంతు చించుకుంటుంటే మేమూ పిడికిళ్లెత్తాం. ఆ ఏడే లైసెన్సు అక్కర్లేకుండా పామోలిన్ దిగుమతికి తలుపులు తీశారు. ఆ సంగతి ఏ మీటింగులోనూ విన్న గుర్తు లేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో. కొన్నాళ్లకే బండి మూకుట్లో కాగింది ఆ నూనే, మేం తిన్నవి అందులో వేగిన బజ్జీలే.

మా మామది గోదావరి ఒడ్డు పల్లె. నువ్వులు, పల్లి వేసేవాడు. గానుగాడించిన నూనె డబ్బా ఏటా మా క్వార్టరుకు తెచ్చేవాడు. ఒక ఏడు అవ్వ, "గింత పిరమైతే ఎట్ల కొంటం తమ్మీ? ప్యాకెట్ నూనె సగం ధరకే దొరుకుతున్నది గదా" అన్నది. మామ ఏమీ అనలేదు. నేను అక్కడే అన్నం తింటున్నాను. ఆడవాళ్ల బేరం, నాకెందుకులే అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గానీ, అవ్వ అన్నది నా మనసులో మాటే. మరుసటి ఏడు డబ్బా రాలేదు. ఎందుకు రాలేదని అడగలేదు, అడిగితే కొనాల్సి వస్తుందని.

2008లో ముడి పామాయిల్ మీద సుంకం సున్నా చేశారు. ప్యాకెట్ ధర తగ్గితే చాలనుకున్నాం. 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో ఆసియాన్ దేశాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. 2010 జనవరి నుంచి మలేషియాతో, అక్టోబర్ నుంచి ఇండోనేషియాతో అమలైంది. దాన్ని వద్దంటూ కేరళలో కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా మానవహారం కట్టారు. మాకు అప్పుడు తెలంగాణ ఉద్యమం తప్ప ఇంకేదీ పట్టలేదు. ఇది కారణమా, సాకా? సాకే. ఆ ఉద్యమపు సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపగలిగినవాళ్లం, నూనె గురించి ఒక కరపత్రం వేయలేకపోయామా?

ఒప్పందాన్ని తిట్టి తప్పించుకోలేను. ఇరుగుపొరుగు దేశాలు ఇచ్చిపుచ్చుకోవడం తప్పు కాదు. 2013లో రేషన్ షాపు అమ్మహస్తం సంచిలో లీటరు పామోలిన్ వచ్చినప్పుడు కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో పండగే. ఆ చౌక మా వంటింటికి చేరింది, నష్టం మామ చేనుకు పోయింది. మా జీతంలో రూపాయి తగ్గలేదు గనుక నోరు మెదపలేదు.

2022లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు పదిశాతం విదేశీ బొగ్గు కలపాలని కేంద్రం అంటే, "మన బొగ్గుండగా ఇండోనేషియా బొగ్గెందుకు?" అని మండిపడ్డాం. న్యాయమే. అదే ఏడు ఏప్రిల్ ఆఖరున అదే ఇండోనేషియా మూడు వారాలకు పైగా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. బజ్జీ ధర పెరిగింది, సైజు తగ్గింది. తింటూ ఆలోచిస్తే, బొగ్గు గురించి మేం అడిగిన ప్రశ్నే నువ్వుల గురించి మామ అడగాల్సింది. మా గుమ్మంలో డబ్బా పట్టుకొని నిలబడి బహుశా అడిగే ఉంటాడు, నోటితో కాదు.

మామ లేడిప్పుడు. మొన్న ఊరికెళ్తే ఆయన చేలో ఆయిల్‌పామ్ మొక్కలున్నాయి. సర్కారు సబ్సిడీ ఇచ్చిందన్నాడు ఆయన కొడుకు. కాసేపాగి, "ఓ ఎకరంల నువ్వులేస్తే నూనె మీరు కొంటరా బావా?" అన్నాడు.

"లీటరెంత పడ్తది?" అన్నాను.