‘తెలీదండీ’ అంటే కుదరదు

ఆదివారం పొద్దున్నే ఇంటికి కారు పంపిస్తారు. దారిలో టిఫిన్ పెట్టిస్తారు. వెంచర్ దగ్గర దిగేసరికి రంగుల జెండాలు, షామియానా, చల్లటి మజ్జిగ. ‘ట్రిపుల్ ఆర్ రోడ్డు ఇక్కణ్నుంచే పోతుంది సార్, గజం ఈ రేటు ఇవాళ్టికే’ అంటాడు మీడియేటర్. టోకెన్ అడ్వాన్స్ చేతులు మారుతుంది. నాలుగేళ్ల తర్వాత ఆ ప్లాటు చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) పరిధిలో ఉందనో, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందనో బయటపడుతుంది. అప్పుడు అదే మనిషి అనే మాట ఒకటే: ‘నాకూ తెలీదండీ, కంపెనీవాళ్లు చెప్పిందే మీకు చెప్పా.’

చాలాసార్లు అది నిజం కావడమే అసలు దౌర్భాగ్యం. నిన్నటిదాకా బీమా పాలసీలు కట్టించినవాడు, రిటైరైన మాస్టారు, వీధిలో చిట్టీలు నడిపిన ఆవిడ, ఎవరైనా ఇవాళ ఏజెంటే. ప్రీలాంచ్ ఆఫర్లను ఇలాంటివాళ్లు మొదట అమ్మేది సొంత బావమరిదికి, పినతల్లి కొడుక్కి. కంపెనీ బోర్డు తిప్పేశాక బంధువుల పెళ్లిళ్లకు మొహం చూపించలేకపోతున్నదీ వీళ్లే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ఏజెంటును గాలికి వదిలేయలేదు. తొమ్మిదో సెక్షన్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పదో సెక్షన్ రెరా నంబరు లేని ప్రాజెక్టులో అమ్మకం కుదర్చవద్దంది; కొనేవాడికి హక్కుగా అందాల్సిన కాగితాలన్నీ అందేలా చూడమంది; లెక్కలు రాసి పెట్టుకోమంది. రిజిస్ట్రేషన్ లేకుండా వ్యాపారం చేస్తే రోజుకు 10 వేల రూపాయల జరిమానా, అది ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పెరగవచ్చు. ఇంత చెప్పిన చట్టం ఒక్కటి మాత్రం అడగలేదు: నీకేం తెలుసు? పాన్ కార్డు, ఫొటో, అడ్రసు రుజువు, ఆదాయపు పన్ను రిటర్నులు ఇచ్చి, రుసుము కడితే చాలంది. స్కూటర్ నడపాలంటే ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష రాయాలి. ఒక కుటుంబం ఇరవై ఏళ్ల జీతాన్ని తాకట్టు పెట్టి కొనే ఫ్లాటును అమ్మించడానికి ఈ చట్టం ఏ పరీక్షా పెట్టలేదు.

మహారాష్ట్ర రెరా ఈ లోపాన్ని తనంతట తానే సరిచేసుకుంది. ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష పెడుతూ 2023 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. 2024 మొదలుకుని ఆ సర్టిఫికెట్ లేనిదే కొత్త రిజిస్ట్రేషన్ లేదు, రెన్యువల్ లేదు. గడువు దాటినా సర్టిఫికెట్ తెచ్చుకోని సుమారు 20 వేల మంది రిజిస్ట్రేషన్లను నిలిపివేసింది కూడా. 20 గంటలు ఎక్కువేమీ కాదు. డాలస్‌లో ఇళ్లు అమ్మించే మన తెలుగువాళ్లు టెక్సస్ లైసెన్సు కోసం 180 గంటలు క్లాసులు పూర్తి చేసినవాళ్లే. అక్కడ ఇల్లు కొనేటప్పుడు అంత తర్ఫీదున్న ఏజెంటును నమ్ముకునే ఎన్నారై, కోకాపేటలో ఫ్లాటు దగ్గరికొచ్చేసరికి వాట్సాప్ బ్రోచర్‌నూ మేనమామ స్నేహితుణ్నీ నమ్ముతున్నాడు.

రెండు తెలుగు రాష్ట్రాల రెరాలూ శిక్షణ, పరీక్ష లేనిదే ఏజెంటుకు నంబరు ఇవ్వకూడదు. ఈ షరతులో సడలింపులకు తావుండకూడదు. కొత్తవాళ్లకే కాదు, ఇప్పటికే నంబరున్నవాళ్లకూ రెన్యువల్ నాటికి ఇది వర్తించాలి. బిల్డర్ల దగ్గర జీతానికి పనిచేసే సేల్స్ సిబ్బందికీ, ‘ఛానల్ పార్టనర్’ అని పేరు మార్చుకున్నవాళ్లకూ మినహాయింపు వద్దు. ఫ్లాటు ముందు నిలబడి వీడియో తీసి, కింద ఫోన్ నంబరు ఇచ్చి, అమ్మితే కమీషన్ తీసుకునే యూట్యూబ్ వీరులూ ఇందులోకే రావాలి. ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారినీ అమ్మేవారినీ కలిపి సొమ్ము పుచ్చుకునేవాణ్ని చట్టం ఏజెంటనే అంటోంది.

అయితే స్టార్ హోటల్ హాలులో రెండు ఉపన్యాసాలు, ఒక బిర్యానీ, ఒక గ్రూప్ ఫొటోతో ముగిసే తంతును శిక్షణ అనుకుంటే అసలు పెట్టకపోవడమే మేలు. పాఠం మన నేల మీదిది కావాలి, తెలుగులో ఉండాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు చదవడం రావాలి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల జాబితాను ఎక్కడ చూడాలో తెలియాలి. అనుమతులు రాకముందే యూడీఎస్ (విభజించని స్థలంలో వాటా) పేరుతో రాసిచ్చి, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం రేటుకే ఫ్లాటు అనేవాడి బేరంలో ఎన్ని ఉల్లంఘనలున్నాయో లెక్కపెట్టగలగాలి. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోకూడదన్న నిబంధన నోటికి రావాలి. 2020లో తెలంగాణలో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ప్రకటిస్తే వచ్చిన దరఖాస్తులు దాదాపు 25 లక్షలు. అనుమతి లేని ఆ లేఅవుట్లలో ఎన్నింటికి ఎవరో ఒక మధ్యవర్తి దగ్గరుండి రాళ్లు చూపించి ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఇంకా ముఖ్యమైన పాఠం కమీషన్. ఏజెంటు ఎవరి మనిషి? కొనేవాడి దగ్గర ఒక శాతం, బిల్డరు దగ్గర అంతకు కొన్ని రెట్లు పుచ్చుకుని, ‘మీ మేలు కోరి చెబుతున్నా అన్నయ్యా’ అంటే ఆ మేలు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నాడో టోకెన్ ముట్టకముందే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చే పద్ధతిని ఈ శిక్షణతోపాటే నిబంధన చేయాలి. ఏజెంటు కింద ఏజెంటును చేర్చి, మెట్టు మెట్టుకూ పర్సెంటేజీ పంచే గొలుసు కంపెనీలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. వ్యతిరేకించనివ్వండి.

మూడు రోజుల క్లాసుతో మోసగాడు మంచివాడైపోతాడా అని అడిగేవాళ్లున్నారు. కాడు. కానీ ఎఫ్‌టీఎల్ మ్యాపు చదవడం నేర్చుకుని, పరీక్ష పాసై, సంతకం పెట్టినవాడు రేపు రెరా ముందు నిలబడి ‘తెలీదండీ’ అనలేడు. ఇవాళ పొరపాటుగా కొట్టుకుపోతున్నది అప్పుడు తెలిసి చేసిన తప్పుగా నమోదవుతుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేయడానికి రెరాకు గట్టి ఆధారం దొరుకుతుంది. తెలియక అమ్మి బంధువుల దగ్గర తలదించుకుంటున్న ఆ మాస్టారికైతే, టోకెన్ తీసుకోకముందే ‘ఈ వెంచర్ నేను అమ్మను’ అని కంపెనీవాళ్లతో చెప్పేందుకు చేతిలో ఒక కారణం ఉంటుంది.